ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్, ఇంటినిండా కార్డ్‌లెస్: రెండు వ్యవస్థలు కలిసే చోటు

ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్న చాలా ఇళ్లలో ఒక సాకెట్ ఖాళీగానే ఉండిపోతుంది. సాంకేతిక సిబ్బంది ఓఎన్‌టీ అనే, ఇళ్లలో మాత్రం మోడెం అనో రూటర్ అనో చెలామణీ అయ్యే పెట్టెను వెనక్కి తిప్పి చూస్తే, ఆకుపచ్చ మూతి ఉన్న సన్నని ఫైబర్ తీగ ఒక పక్కన, కంప్యూటర్ కేబుళ్ల కోసం వెడల్పాటి సాకెట్లు మరో పక్కన ఉంటాయి. వాటికి ఆనుకుని కాస్త ఇరుకుగా, ‘టెల్’ అనో ‘ఫోన్’ అనో ‘పాట్స్’ అనో అచ్చువేసిన సాకెట్ ఒకటి కనిపిస్తుంది. పాత ల్యాండ్‌లైన్ తీగ చివరి క్లిప్పు సరిగ్గా అందులోనే ఇముడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరు 27న అధికారికంగా ప్రారంభమైనప్పుడే నెలకు 149 రూపాయల ప్యాకేజీలో ఇంటర్నెట్, టీవీ ప్రసారాలతో పాటు టెలిఫోనును కూడా చేర్చింది. 2019 సెప్టెంబరు 5న మొదలైన జియో ఫైబర్, రాగితీగ నుంచి ఫైబర్‌కు మారుతున్న బీఎస్ఎన్ఎల్ కూడా ఇదే పద్ధతిలో ఫోను ఇస్తున్నాయి. అంటే నెలనెలా కడుతున్న బిల్లులోనే ల్యాండ్‌లైన్ కూడా ఉండి, వాడనిది మనమే అయ్యే అవకాశం ఎక్కువ.

చేతిలో మొబైల్ ఉండగా ఇదెందుకన్న ప్రశ్న సహజమే. అయితే స్లాబు కింద లోపలి గదుల్లో సిగ్నల్ అందని ఇళ్లున్నాయి. టచ్ స్క్రీన్‌తో అవస్థపడే పెద్దవాళ్లున్నారు. ఎవరు ఊళ్లో ఉన్నా లేకపోయినా ఇంటికంటూ ఒక నంబరు మోగాలనుకునే కుటుంబాలున్నాయి. హాల్లో, వంటింట్లో, మేడ మీద గదిలో ఒక్కో కార్డ్‌లెస్ హ్యాండ్‌సెట్ ఉంటే ఈ అవసరాలన్నీ తీరుతాయి. చిక్కంతా దాన్ని అమర్చుకోవడంలో వస్తుంది. అక్కడ ఎదురయ్యే గందరగోళానికి కారణం చాలావరకు ఒక్కటే: ‘వైర్‌లెస్’ అన్న మాట వినగానే కార్డ్‌లెస్ ఫోను కూడా వైఫైతోనే పనిచేస్తుందని అనుకోవడం.

నిజానికి ఇక్కడ ఉన్నవి ఒకదానితో ఒకటి పరిచయమే లేని రెండు వ్యవస్థలు. ఆ సాకెట్‌కు అవతల, అంటే ఓఎన్‌టీ లోపల నుంచి కంపెనీ కేంద్రం దాకా, మాట ఇంటర్నెట్ పద్ధతిలో ప్రయాణిస్తుంది. సాకెట్‌కు ఇవతల, కార్డ్‌లెస్ బేస్ (సాకెట్‌కు తీగతో కలిసే పెట్టె) నుంచి చేత్తో పట్టుకునే హ్యాండ్‌సెట్ దాకా, వైఫైతో నిమిత్తం లేని తన సొంత రేడియో మీద వెళుతుంది. రెంటినీ కలిపేది రెండు సన్నని రాగి తీగలు మాత్రమే. బేస్‌కు తన వెనక ఇంటర్నెట్ ఉందన్న సంగతి తెలియదు. ఓఎన్‌టీకి తన ముందున్నది నలభై ఏళ్లనాటి బల్ల ఫోనో, నాలుగు హ్యాండ్‌సెట్ల కార్డ్‌లెస్ సెట్టో తెలియదు. ఏ సందేహం వచ్చినా, ఏ మరమ్మతు అవసరమైనా, ముందు అది సాకెట్‌కు ఏ వైపుదో తేల్చుకోవడంతోనే సగం పని అయిపోతుంది.

ముందుగా అవతలి వైపు చూద్దాం. మనం మాట్లాడిన స్వరాన్ని ఓఎన్‌టీ సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది. ఆ లెక్కన సెకనుకు 64 కిలోబిట్లు. దీన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు చిరునామా తగిలించి, సెకనుకు 50 పొట్లాల చొప్పున పంపుతుంది. చిరునామాల బరువు కూడా కలుపుకుంటే ఒక్కో దిశలో దాదాపు 87 కిలోబిట్లు ఖర్చవుతాయి. ‘హండ్రెడ్ ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే ఫోను బాగా వినిపిస్తుందా’ అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది: ఫోనుకు కావలసింది అందులో వెయ్యో వంతు కూడా కాదు. సంభాషణ చెడేది వేగం చాలక కాదు, పొట్లాలు ఆలస్యంగానో ఎగుడుదిగుడుగానో చేరడం వల్ల. ఒక దిశలో ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం చెబుతుంది. అంతకు మించి బాగా పెరిగిన కొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. అందుకే ఫైబర్ కంపెనీలు సాధారణంగా ఫోను పొట్లాలను మిగతా ఇంటర్నెట్ రద్దీలో కలపకుండా, అదే తీగలో వేరే దారి కేటాయించి నడిపిస్తాయి. ఇంట్లో ఎవరో పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తున్నా ల్యాండ్‌లైన్ మాట తెగకపోవడానికి కారణం అదే.

కాల్ కలపడం, గంట మోగించడం, పెట్టేయడం వంటి పనులన్నీ సిప్ అనే నియమావళి ప్రకారం జరుగుతాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని రూపం 2002లో ఖరారైంది. ఓఎన్‌టీ ఆన్ అయిన ప్రతిసారీ తన నంబరు, రహస్య సంకేతం కంపెనీ సర్వర్‌కు చెప్పి నమోదు చేసుకుంటుంది. నమోదు కుదిరితే పెట్టె ముందున్న ఫోన్ దీపం వెలుగుతుంది. ఇంటర్నెట్ దీపాలన్నీ వెలిగి అదొక్కటే వెలగకపోతే ఫోను సేవ మొదలవలేదని అర్థం. ఆ రహస్య సంకేతాన్ని కంపెనీ దూరం నుంచే పెట్టెలోకి ఎక్కిస్తుంది తప్ప, మామూలుగా వినియోగదారుడికి ఇవ్వదు. దీనివల్ల ఒక చిక్కుంది. వైఫై బలంగా రావాలని కంపెనీ పెట్టెను తీసేసి, బజారులో కొన్న ఖరీదైన దాన్ని పెట్టుకున్నవారికి ఇంటర్నెట్ ఎలాగో వచ్చినా ఫోను మాత్రం మూగబోతుంది. మంచి వైఫై కావాలనుకుంటే కంపెనీ పెట్టెను అలాగే ఉంచి, దాని వెనక మన రూటర్ తగిలించుకోవడమే మార్గం.

సాకెట్ ఉన్నంత మాత్రాన ఫోను ఉన్నట్టు కూడా కాదు. మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1న తలుపు తెరిచినా, అది ఓరగా తెరిచిన తలుపే. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు, ఇక్కడి కంప్యూటర్ నుంచి విదేశాల్లోని ఫోనుకు మాట్లాడుకోవచ్చు గానీ, ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ను ఇంటర్నెట్ కంపెనీలు దేశంలోని ఫోన్ నెట్‌వర్క్‌లోకి ఎక్కించకూడదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 అక్టోబరులో ఇచ్చిన సిఫార్సుల తర్వాత, 2018 జూన్‌లో టెలికాం శాఖ స్పష్టత ఇవ్వడంతో ఫోను సేవల లైసెన్సు ఉన్న సంస్థలకు దారి ఏర్పడింది. ఆ మరుసటి నెలలోనే బీఎస్ఎన్ఎల్ ‘వింగ్స్’ పేరుతో ఇటువంటి సేవను ప్రకటించింది. కేవలం ఇంటర్నెట్ లైసెన్సుతో నడిచే స్థానిక సంస్థ ఇచ్చిన పెట్టెకు ఫోన్ సాకెట్ ఉన్నా అందులో డయల్ టోన్ రాకపోవడానికి కారణం ఇదే. కనెక్షన్ తీసుకునే ముందే ల్యాండ్‌లైన్ నంబరు ఇస్తారా లేదా అని అడగాలి. ఇంకో సంగతి కూడా ముందే తెలుసుకోవడం మేలు: మొబైల్ నంబరును మార్చుకున్నట్టు ల్యాండ్‌లైన్ నంబరును ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి తీసుకువెళ్లే సదుపాయం మనకు లేదు. దశాబ్దాలుగా బంధువులందరికీ తెలిసిన నంబరు నిలుపుకోవాలంటే ఆ నంబరు ఇచ్చిన సంస్థ దగ్గరే ఫైబర్‌కు మారాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి ఇంటర్నెట్ ఫోన్ ఎడాప్టర్‌ను సూట్‌కేసులో పెట్టి తెచ్చి, ఇక్కడి తల్లిదండ్రుల ఇంట్లో తగిలించిన సందర్భాలు తెలుగు కుటుంబాల్లో తక్కువేమీ కాదు. అమెరికా నంబరుతో మాట్లాడుకోవడానికి అది పనికొచ్చేదేమో గానీ, దాన్ని ఇంటి ఫోనుగా నమ్ముకోవడం ప్రమాదకరం. ఆ ఎడాప్టర్‌కు తాను విజయవాడలో ఉన్నానని తెలియదు. 108 గానీ 112 గానీ నొక్కితే ఆ అంకెలు అమెరికా సర్వర్‌కు చేరతాయి తప్ప, ఇక్కడి అంబులెన్సుకో పోలీసుకో చేరవు. 911 నొక్కితే ఖాతాలో నమోదైన అమెరికా చిరునామాతో అక్కడి అత్యవసర కేంద్రానికి వెళుతుంది. అమెరికాలోనే ఉంటూ ఇటువంటి సేవ వాడే తెలుగువారు కూడా ఇల్లు మారినప్పుడల్లా ఆ చిరునామాను మార్చుకోవాలి; 911 కాల్‌తో పాటు నమోదైన చిరునామా కూడా చేరేలా చూడాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2005లో ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలను ఆదేశించింది.

ఇప్పుడు ఆ రెండు రాగి తీగల దగ్గరికి వద్దాం. ఓఎన్‌టీ ఆ సాకెట్ మీద పాత టెలిఫోన్ ఎక్స్చేంజిని అచ్చంగా అనుకరిస్తుంది: ఫోను ఎత్తగానే డయల్ టోన్ ఇస్తుంది, కాల్ వస్తే గంట మోగించేంత వోల్టేజి పంపుతుంది. పాత ఇళ్లలో గోడల లోపల ఫోను తీగలు, గదిగదికీ ఫోను తగిలించే రోజెట్ పెట్టెలు ఇప్పటికీ ఉంటాయి కనుక, ఓఎన్‌టీ నుంచి ఒక తీగ తెచ్చి దగ్గరలోని రోజెట్‌లో కలిపితే ఇల్లంతా ఫోను వస్తుంది. ఆలోచన సరైనదే గానీ, అంతకుముందు బయట స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే పాత రాగి జతను పూర్తిగా విడదీయాలి. ఆ లైను అవతల ఇంకా ప్రాణంతో ఉంటే, ఎక్స్చేంజి నుంచి వచ్చే 48 వోల్ట్లు, ఓఎన్‌టీ ఇచ్చే వోల్టేజి ఒకే తీగ మీద ఢీకొంటాయి. నష్టపోయేది సున్నితమైన ఓఎన్‌టీయే. లైను చచ్చిపోయిందనుకున్నా సరే, విడదీయడమే మంచిది, ఎందుకంటే పిడుగులు పడే రోజుల్లో వీధిలోని ఆ తీగ ఇంట్లోకి దారి చూపిస్తుంది.

కార్డ్‌లెస్ పెట్టుకునేవారికి ఈ గోడ తీగల వల్ల అసలైన లాభం మరొకటుంది. ఓఎన్‌టీని ఫైబర్ ఇంట్లోకి దూరిన చోట, అంటే ఎక్కువగా ముందు హాల్లో టీవీ పక్కనో కిటికీ పైనో బిగిస్తారు. అందరూ బేస్‌ను కూడా దాని నెత్తినే పెడతారు. నా దృష్టిలో ఈ ఏర్పాట్లలో జరిగే అతి పెద్ద పొరపాటు అదే. బేస్ ఉండవలసింది ఇంటి నడిమధ్యన, మేడ ఉన్న ఇంట్లో అయితే మెట్ల దగ్గర. మెట్ల కోసం వదిలిన ఖాళీలో నుంచి రేడియో సంకేతం పైకి సులువుగా వెళుతుంది. స్లాబులోని ఇనుప చువ్వల గుండా వెళ్లాలంటే నీరసపడుతుంది. ఓఎన్‌టీ నుంచి బేస్‌కు వెళ్లేది మామూలు ఫోను తీగే కనుక దాన్ని పది పదిహేను మీటర్లు పొడిగించినా మాట నాణ్యతలో తేడా రాదు. ఇనుప బీరువా పక్కన, ఫ్రిజ్ వెనక, గ్రానైట్ గట్టు కింద బేస్ పెట్టకూడదు. ఛాతీ ఎత్తులో, చుట్టూ కాస్త ఖాళీ ఉండేలా పెడితే సగటు రెండంతస్తుల ఇంటికి ఒక్క బేస్ సరిపోతుంది.

మార్కెట్లో దొరికే కార్డ్‌లెస్‌లు ప్రధానంగా రెండు రకాల రేడియోలతో వస్తాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్‌ది. మన దేశంలో 2005 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోదగిన ఈ పట్టీలోనే వైఫై, బ్లూటూత్ కూడా పనిచేస్తాయి, మైక్రోవేవ్ ఓవెన్ చేసే రొద కూడా ఇందులోనే వినిపిస్తుంది. ఇటువంటి ఫోను ఉన్న ఇంట్లో బేస్‌ను రూటర్‌కు కనీసం ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉంచి, టీవీ, ల్యాప్‌టాప్ వంటివాటిని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చుకుంటే రెండూ ప్రశాంతంగా ఉంటాయి. రెండోది డెక్ట్. ఐరోపా దేశాలు 1990ల మొదట్లో రూపొందించిన ఈ ప్రమాణం 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీలో పనిచేస్తుంది కనుక వైఫైతో దానికి పేచీ లేదు. ఇళ్లలో సుమారు 50 మీటర్లు, ఆరుబయట 300 మీటర్ల వరకు అందుతుందని తయారీదారులు చెబుతారు. మన గోడలకు మొదటి అంకెలో కొంత తగ్గించుకోవాలి. ప్రసంగవశాత్తు చెప్పుకోవాలంటే, ఇదే డెక్ట్‌ను ఆధారం చేసుకుని 1990ల్లో ఐఐటీ మద్రాసులో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం కార్‌డెక్ట్ అనే వ్యవస్థను తయారుచేసింది. తీగలు వేయడం గిట్టుబాటు కాని పల్లెలకు అది గాలిలోనే ఫోను అందించింది.

అమెరికా నుంచి తెచ్చుకునే కార్డ్‌లెస్ సెట్ల గురించి ఇక్కడ గట్టిగా చెప్పాలి. అక్కడ డెక్ట్ 6.0 పేరుతో అమ్మే ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. అమెరికా బయట చాలా దేశాల్లో 1920 నుంచి 1980 దాకా ఉన్న పట్టీ మొబైల్ ఫోన్లు టవర్‌కు పంపే సంకేతాలది. అంటే మన ఇంట్లోని ఫోను పక్కవాళ్ల మొబైల్ నెట్‌వర్క్‌లో రొద పుట్టించగలదు, అది నేరం కూడా అవుతుంది. దీనికి తోడు కొన్ని సెట్ల కరెంటు ఎడాప్టర్లు 120 వోల్ట్లకే తయారై ఉంటాయి. మన 230 వోల్ట్ల ప్లగ్గులో పెట్టిన మరుక్షణమే కాలిపోతాయి. ఎంత ముచ్చటగా ఉన్నా ఆ సెట్టును అక్కడే ఉంచి, ఇక్కడ అమ్మకానికి ఆమోదం పొందినదే కొనుక్కోవాలి.

హ్యాండ్‌సెట్లను జతచేయడం సులువైన పనే. ఒకే డబ్బాలో వచ్చినవి ముందే బేస్‌తో కలిసి ఉంటాయి. తర్వాత కొన్నదాన్ని కలపాలంటే, బేస్ మీద హ్యాండ్‌సెట్‌ను వెతికే మీటను కొన్ని సెకన్లు నొక్కిపట్టి, హ్యాండ్‌సెట్ మెనూలో రిజిస్టర్ ఎంచుకుని, పిన్ అడిగితే 0000 కొట్టాలి. చాలా కంపెనీల సెట్లకు మొదట ఉండేది ఆ అంకెలే. డెక్ట్ ఫోన్లలో గ్యాప్ అనే ఉమ్మడి ప్రమాణం ఉండటం వల్ల ఒక కంపెనీ బేస్‌కు మరో కంపెనీ హ్యాండ్‌సెట్ కూడా కలుస్తుంది గానీ, మాట్లాడటం వరకే హామీ. ఫోన్‌బుక్ పంచుకోవడం వంటి సౌకర్యాలు పనిచేయకపోవచ్చు. నాలుగు హ్యాండ్‌సెట్లు ఉంటే నలుగురూ నాలుగు కాల్స్ మాట్లాడవచ్చన్న అపోహ ఒకటి వ్యాప్తిలో ఉంది. సాకెట్ ఒకటే, లైను ఒకటే, కనుక ఒకరు బయటివారితో మాట్లాడుతుంటే మిగతావారు అందులో కలవగలరే తప్ప వేరే కాల్ చేయలేరు. హ్యాండ్‌సెట్ నుంచి హ్యాండ్‌సెట్‌కు ఇంటర్‌కామ్ మాత్రం బేస్ రేడియో మీదే నడుస్తుంది. ఇంటర్నెట్ పోయిన రోజున కూడా మేడ మీద ఉన్న పిల్లల్ని భోజనానికి పిలవవచ్చు.

కరెంటు విషయంలోనే పాత ల్యాండ్‌లైన్‌కు, దీనికి భూమ్యాకాశాల తేడా. రాగితీగ ఫోనుకు విద్యుత్తు ఎక్స్చేంజిలోని బ్యాటరీల నుంచే వచ్చేది కనుక తుపాను రాత్రి ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పుడు ఓఎన్‌టీకి ఇంటి కరెంటు కావాలి, బేస్‌కు వేరుగా కరెంటు కావాలి. రెండింటిలో ఏది ఆగినా ఫోను లేనట్టే. హ్యాండ్‌సెట్‌లో బ్యాటరీ ఉంది కదా అన్న ధీమా పనికిరాదు, ఎందుకంటే అది మాట్లాడేది బేస్‌తోనే. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో రెండింటినీ ఇన్వర్టర్ లైను మీదే పెట్టుకోవాలి. అయితే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తకాలంలో ఓఎన్‌టీ ఆగి మళ్లీ మొదలైతే, తిరిగి నమోదై డయల్ టోన్ రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. రూటర్ల కోసం అమ్మే 12 వోల్ట్ల మినీ యూపీఎస్ ఈ లోటు తీరుస్తుంది. అదే యూపీఎస్ నుంచి బేస్‌కు కూడా తీగ లాగాలనిపిస్తుంది. ఎడాప్టర్ మీది అంకె చూడకుండా ఆ పని చేయకూడదు. కార్డ్‌లెస్ బేస్‌లు ఎక్కువగా 6 వోల్ట్ల చుట్టుపక్కల నడిచేవి, వాటికి 12 వోల్ట్లు ఇస్తే పనికిరాకుండా పోతాయి. వీధిలో కూడా ఒక తేడా ఉంది: నేరుగా ఇంటిదాకా ఫైబర్ వస్తే దారిలోని చీలికల పెట్టెలకు కరెంటు అక్కర్లేదు; అపార్ట్‌మెంటు కింద స్విచ్ పెట్టి అక్కడి నుంచి మామూలు కేబుల్ లాగిన చోట, ఆ స్విచ్‌కు బ్యాకప్ లేకపోతే మన ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నా ఫలితం లేదు.

ఫోను మొరాయించినప్పుడు చేయవలసిన పరీక్షకు రెండు మూడు వందల రూపాయల మామూలు తీగ ఫోను ఒకటి చాలు. కార్డ్‌లెస్ బేస్ తీగను ఊడదీసి, ఓఎన్‌టీ సాకెట్‌లో ఆ ఫోనును నేరుగా పెట్టాలి. డయల్ టోన్ శుభ్రంగా వచ్చిందంటే లోపం ఇవతలిది: బేస్, తీగ, బ్యాటరీ, దూరం. రాలేదంటే లోపం అవతలిది. కంపెనీకి ఫిర్యాదు చేయడమే మిగిలింది. మాట తెగితెగి వినిపిస్తే కూడా ఇదే పరీక్ష. హ్యాండ్‌సెట్‌ను చార్జింగ్ స్టాండ్ నుంచి తీసిన పది నిమిషాలకే ఆగిపోతుంటే నెట్‌వర్క్‌ను నిందించనక్కర్లేదు. లోపలి రీచార్జబుల్ బ్యాటరీలకు కాలం చెల్లింది. వాటి స్థానంలో రిమోట్‌లో వేసే మామూలు సెల్స్ వేసి స్టాండ్ మీద పెట్టకూడదు, చార్జింగ్‌కు అవి కారుతాయి, పగిలిపోవచ్చు కూడా.

కొన్ని చిన్న ఫిర్యాదులు మాత్రం ఆ సాకెట్ దగ్గరే, రెండు వ్యవస్థల మధ్య పొత్తు కుదరక పుడతాయి. ఫోను మోగుతుంది గానీ ఎవరు చేశారో నంబరు కనిపించదు. దీనికి కారణం నంబరు పంపడానికి ఒకటికి మించి పద్ధతులు ఉండటం. మొదటి గంటకు ముందే పంపే పద్ధతి ఒకటి, మొదటి రెండు గంటల మధ్య విరామంలో పంపేది మరొకటి. ఓఎన్‌టీ ఒక పద్ధతిలో పంపి బేస్ మరో పద్ధతి కోసం ఎదురుచూస్తే తెర ఖాళీగా ఉంటుంది; కంపెనీవారు తమ వైపు సెట్టింగు మార్చగలరు. బ్యాంకుకు చేసినప్పుడు ‘తెలుగు కోసం 2 నొక్కండి’ అంటే ఎన్నిసార్లు నొక్కినా స్పందన లేకపోతే, ముందు ఫోను టోన్ పద్ధతిలో (అంకెకో స్వరం పంపేది) ఉందో, పాతకాలపు పల్స్‌లో (టకటకమనే చప్పుళ్లు పంపేది) ఉందో చూడాలి. పల్స్‌లో ఉంటే టోన్‌కు మార్చాలి. నంబరు కొట్టాక నాలుగైదు సెకన్ల నిశ్శబ్దం వస్తే అది లోపం కాదు, ఇంకా అంకెలు వస్తాయేమోనని ఓఎన్‌టీ వేచి చూస్తోంది; చాలా పెట్టెల్లో చివర హ్యాష్ నొక్కితే వెంటనే కలుపుతుంది. ఇక మొబైల్‌కు చేస్తే కలవడం లేదన్న ఫిర్యాదులో సాంకేతికత ఏమీ లేదు: 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టడం తప్పనిసరి. హ్యాండ్‌సెట్ ఫోన్‌బుక్‌లో పిల్లల నంబర్లు దాచిపెట్టేటప్పుడే ఆ సున్నాతో కలిపి దాచాలి.